కదిలే ముల్లు

ఆగస్టు మధ్యాహ్నం మూడింటికి
సుల్మోనా ఊరి చివర మా షెడ్డులోకి
దొనాతో గారి ఎర్ర ఆల్ఫా ఆయాసపడుతూ వచ్చి ఆగింది.
డెబ్బై మూడులో పుట్టిన బండి,
నాకంటే ఏడేళ్ళు పెద్దది.
బానెట్ సందుల్లోంచి
ముదిరిన పాకంలా తీపి వాసన.
ఆ వాసన ముక్కుకు తగిలిందంటే
లోపల నీళ్ళెక్కడో దారి తప్పాయని అర్థం.

"ఇది జరగడానికి వీల్లేదు ఎర్సీలియా" అన్నాడు.
నలభై ఏళ్ళు మందుల షాపు నడిపిన మనిషి,
సగం ఊరి నాలుకల కింద పాదరసం పెట్టిన మనిషి.
"ముల్లు చూడు. ఎనభై.
పదకొండేళ్ళుగా ఎనభై.
కొండెక్కినా ఎనభై, రోమ్ ట్రాఫిక్‌లో ఎనభై.
ఇంత నిలకడైన ఇంజను
ఈ లోయలో ఇంకోటి చూపించు."

మాట్లాడుతూనే రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.
చటుక్కున కొట్టాను ఆ చేతిని, పెద్దాయనని కూడా చూడకుండా.
నిండుకుండ తొణకదంటారు, నిజమే.
కాగిన నిండుకుండ మాత్రం
మూత పీక్కుని ముఖం మీదికొస్తుంది.
మా బాబాయి మెడ మీద గుర్తు
చచ్చేదాకా అలాగే ఉంది.

రెండు గంటలు కూర్చున్నాం.
ఆయన తన మోకాళ్ళ గురించి చెప్పాడు,
నేను కరెంటు బిల్లు గురించి.
ఇనుము చల్లబడుతూ టిక్ టిక్‌మని సద్దుమణిగింది.
సిలిండర్ హెడ్ మీద అరచెయ్యి ఆనించాను:
గచ్చులా చల్లగా ఉంది.

డ్యాష్‌బోర్డులో ఎనభై.

అప్పుడు చూడాలి దొనాతో ముఖం!
శవం చెయ్యి పట్టుకుని పదకొండేళ్ళుగా
నాడి బాగుందని రాస్తూ వచ్చినవాడిలా.

మూత తీస్తే తుప్పు రంగు చారు.
మా కొండల సున్నపు నీళ్ళు గొట్టాల లోపల
చుట్టూ పొర కట్టేశాయి.
రేడియేటర్ రెక్కల నిండా
కందిరీగలు, గోధుమ పొట్టు, ఎవరిదో పెళ్ళి కాగితం ముక్క.
హోసు పైపు నొక్కితే అప్పడంలా విరిగింది.

థర్మోస్టాట్‌ని సాసర్‌పాన్‌లో ఉడికించాను.
ఆయన తన ల్యాబ్ థర్మామీటర్ తెచ్చి
ఒంటికాలి మీద నిలబడి చదివాడు:
"డెబ్బై తొమ్మిది... ఎనభై ఒకటి... ఎనభై మూడు..."
పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తినట్టు
మెల్లగా పైకి లేచిందా ఇత్తడి రేకు.
ఆయన చప్పట్లు కొట్టాడు.

మర్నాడు ఆరు సీసాల డిస్టిల్డ్ వాటర్ మోసుకొచ్చాడు,
పాత స్టాకట.
నీళ్ళూ కూలెంటూ సగం సగం.
బండి ముక్కు జాకీతో ఎత్తి, హీటర్ తెరిచి,
పైపులు పిసుకుతూ గాలి తీశాం.
గుడగుడ, గుడగుడ, ఆ తర్వాత నిశ్శబ్దం.
కొత్త సెన్సరు. తుప్పు గీకిన ఎర్త్ తీగ.

ఆదివారం శాన్ లియొనార్దో కనుమకి బయల్దేరాం.
నలభై. అరవై. ఎనభై నాలుగు దగ్గర
ఒకసారి తడబడి, తగ్గి, మళ్ళీ లేచింది.
"ఏమైంది?"
"షట్టర్ తెరుచుకుంది."
మలుపుల్లో తొంభై. తొంభై మూడు.
ఆయనకి రోడ్డు లేదు, కొండ లేదు, ముల్లే లోకం.
"రోడ్డు చూడండి" అన్నాను. చూడలేదు.
తొంభై ఏడు దగ్గర నేనే హీటర్ పూర్తిగా తిప్పాను.
ఆగస్టు ఎండలో మోకాళ్ళ మీద కొలిమి గాలి,
ఇద్దరం చెమటతో ముద్ద,
ఇంజను కాకని మా ఒంట్లోకి పంచుకుంటూ.
తొంభై రెండు.

కనుమ దగ్గర గొర్రెల మంద రోడ్డుకి అడ్డం.
మంద ఎంతకీ తెగదు.
నిలబడిన బండిలో ముల్లు మళ్ళీ పైకి,
ఫ్యాను హోరు, మెడ గంటలు, తోలు వాసన.

"భయంగా ఉంది" అన్నాడు దొనాతో.

"ఉండనీండి" అన్నాను.

తొంభై నాలుగు దగ్గర
ముల్లు కొద్దిగా వణుకుతోంది,
స్టీరింగ్ మీద ఆయన వేలు కూడా.